ఫోన్ తెరకి వేలు ఎట్టా తెలుసుద్ది? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఫోన్ స్క్రీన్ల మీదే ఉన్నాయి. రొయ్యల చెరువు కాడ నుంచి ఒకరు, గ్రానైట్ క్వారీ నుంచి ఒకరు, స్కూలు నుంచి ఒకరు, ఎవరి బాధ వాళ్లది, కానీ లాగితే అన్నీ ఒక్క తీగకే వస్తన్నాయి. అందుకని మిగతా సబ్జెక్టులు వచ్చే నెలకి పెట్టి ఇవన్నీ ఒకచోట వేస్తన్నాం. ముందు కావలి అమ్మాయి ప్రశ్న చదవండి, అది అర్థమైతే మిగతావాటికి సగం జవాబు మీకే తెలిసిపోద్ది.

కావలి నుంచి ఇంటర్ చదివే అమ్మాయి: సార్, మా తమ్ముడు ట్యాబ్‌ని గోరుతో గీకినా, పెన్ను మూతతో పొడిచినా ఉలకదు పలకదు. అదే వేలు ఊరికే ఆనిస్తే చాలు పనిచేస్తది. గాజుకి వేలు తగిలిందని ఎట్టా తెలుసుద్ది? మా ఫిజిక్స్ సార్‌ని అడిగితే 'కెపాసిటర్' అని ఒక్క మాట చెప్పి అది సిలబస్‌లో లేదులే అన్నారు.

జ: మీ సార్ చెప్పిన ఆ ఒక్క మాట కరెక్టేనమ్మా, మిగతాది మనం చూద్దాం. మనందరం స్క్రీన్‌ని "నొక్కుతున్నాం" అనుకుంటాం గానీ ఆ స్క్రీన్‌కి నొక్కుడు సంగతే తెలీదు. దానికి బరువుతో పనిలేదు, వేడితో పనిలేదు. అది చూసేదల్లా గాజు కింద ఉండే కరెంటు క్షేత్రంలో, అంటే ఛార్జ్ తన చుట్టూ చూపే ప్రభావంలో, ఏమన్నా తేడా వచ్చిందా అని, అంతే.

గాజు కింద ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పదార్థంతో గీసిన సన్నటి గీతలుంటాయి. దీంట్లో గొప్ప ఏందంటే గాజులాగా వెలుతురుని పోనిస్తది, లోహంలాగా కరెంటునీ పోనిస్తది, రెండూ ఒకే పదార్థంలో దొరకడం అరుదు. ఈ గీతలు మగ్గం మీద పడుగూ పేకా లాగా కొన్ని నిలువుగా కొన్ని అడ్డంగా పోతాయి, కాకపోతే ఒకదానికొకటి తగలవు, మధ్యలో సన్నటి పొర అడ్డం ఉంటది. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి దాటే ప్రతిచోటా ఒక బుల్లి కెపాసిటర్, అంటే కాస్త ఛార్జ్‌ని పట్టి ఉంచేది, తయారవుద్ది. లోపలున్న టచ్ కంట్రోలర్ చిప్ అడ్డగీతల్లోకి కరెంటు పల్స్ పంపిస్తా, నిలువుగీతల్లోకి ఎంత ఛార్జ్ వచ్చిందో కొలుస్తా ఉంటది. స్క్రీన్ మొత్తాన్ని ఇట్టా ఒక్క సెకనులో అరవై సార్లో నూటిరవై సార్లో చుట్టేస్తది, గేమ్స్ ఆడే వాళ్ల కోసం చేసిన ఫోన్లలో అంతకంటే ఎక్కువ.

ఇప్పుడు నీ వేలు వచ్చింది అనుకో. మన ఒంట్లో ఉండేది ఉప్పునీళ్లే కదా, కరెంటు పోయే పదార్థం. పైగా మనిషి ఒళ్లు పెద్దది, నేలతో సంబంధం ఉంది. అందుకని వేలు గాజు మీద పెట్టగానే అడ్డగీత నుంచి నిలువుగీతకి పోవాల్సిన క్షేత్రంలో కొంత మన వేలి వైపు మళ్లుద్ది. అక్కడ నిలువుగీతకి చేరే ఛార్జ్ తగ్గుద్ది. ఆ తగ్గుదలే "టచ్". ఎంత తగ్గుద్దో తెలుసా, ఒక పికోఫారడ్‌లో కొద్ది భాగం. కెపాసిటర్ ఎంత ఛార్జ్ పట్టుద్దో కొలిచే లెక్క ఫారడ్, పికోఫారడ్ అంటే దాంట్లో లక్ష కోట్లో వంతు. అంత చిన్న తేడాని పట్టుకోవాలి కాబట్టే ఈ టచ్‌లకి ఇన్ని రోగాలు, కింద వచ్చే ప్రశ్నలన్నీ వాటి గురించే.

ఇంకో చిక్కు చూడు. ఈ గీతల మధ్య దూరం నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటది, కానీ మనం కీబోర్డులో పక్కపక్కనున్న చిన్న అక్షరాలు కూడా సరిగ్గా కొట్టేస్తాం. ఎట్టాగంటే వేలు పడినప్పుడు ఒక్క కూడలి దగ్గరే కాదు, చుట్టుపక్కల నాలుగైదింటి దగ్గర కూడా ఎంతోకొంత తగ్గుద్ది. యాడ ఎక్కువ తగ్గింది యాడ తక్కువ తగ్గింది అని లెక్కేసి ఆ మచ్చకి నడిమధ్య యాడుందో చిప్ తేల్చేస్తది, మిల్లీమీటరు లోపల కూడా చెప్పగలదు. రెండు వేళ్లు పెడితే రెండు మచ్చలు కనపడతాయి, ఫోటోని రెండు వేళ్లతో పెద్దది చేసేది దాని వల్లే.

గోరు, పెన్ను మూత ఎందుకు పనిచెయ్యవంటావా, రెండూ కరెంటు పోనివ్వవు కాబట్టి. క్షేత్రం వాటిని లెక్కచెయ్యదు. కొంతమందికి గోరుతో పనిచేసినట్టు అనిపిస్తది, అది గోరు వెనకాల ఉన్న వేలి కండ దగ్గరికి రావడం వల్ల. తమ్ముడికి ఒక ప్రయోగం చెప్పు. ఒక రూపాయి బిళ్లని ట్యాబ్ మీద ప్లాస్టిక్ పుల్లతో తోసి చూడమను, కదలదు. అదే బిళ్లని వేలితో పట్టుకుని ఆనిస్తే పనిచేస్తది. పొదలకూరు నిమ్మకాయ చేత్తో పట్టుకుని ఆనించినా పనిచేస్తది, అరటిపండు కూడా. గీతలు పడకుండా మెల్లిగా చెయ్యమను, తర్వాత మీ అమ్మ నన్ను తిట్టకూడదు.

అల్లూరు దగ్గర రొయ్యల రైతు: అన్నా, చెరువు కాడ మేత వేసి, ఏరేటర్ చూసుకుని, తడి చేత్తో ఫోన్ తీస్తే పిచ్చిపట్టినట్టు చేస్తంది. నేను ఒకటి ఒత్తితే ఇంకోటి తెరుచుకుంటంది. మొన్న మేత కంపెనీ ఆయనకి దానంతట అదే వీడియో కాల్ పోయింది. మామూలు నీళ్లతో ఇంత గోల లేదు, చెరువు నీళ్లతోనే ఎక్కువ. ఎందుకని?

జ: మీరు గమనించింది కరెక్టే అన్నా, ఉప్పునీళ్లు కరెంటుని మంచినీళ్ల కంటే బాగా పోనిస్తాయి. స్క్రీన్‌కి అది నీళ్లో వేలో తెలీదు, తెలిసేది క్షేత్రం మారిందనే.

ఒక్క చుక్క విడిగా స్క్రీన్ మీద పడి ఉంటే పెద్ద ఇబ్బంది లేదు. విడి చుక్కకి నేలతో సంబంధం ఉండదు, అది వేలు చేసేదానికి తిరకాసుగా ఒక గీత నుంచి ఇంకో గీతకి క్షేత్రాన్ని ఇంకాస్త ఎక్కువ పోనిస్తది, ఆ తేడా బట్టి మంచి ఫోన్లు "ఇది నీళ్లు, లెక్కలోకి తీసుకోవద్దు" అనుకుంటాయి. గోల ఎప్పుడంటే ఆ చుక్కలు కలిసి పొరలాగా పరుచుకుని, ఆ పొర మీ వేలికో, ఫోన్ అంచున లోహం ఫ్రేముకో తగిలినప్పుడు. అప్పుడు ఆ నీళ్ల పొర మొత్తం మీ వేలే అయి కూర్చుంటది. ఇంత వెడల్పు వేలు చూసి కంట్రోలర్‌కి నడిమధ్య యాడో తేలక అక్కడొకటి ఇక్కడొకటి కొట్టేస్తది. చెరువు నీళ్లు ఆరినాక కూడా ఉప్పు పొర మిగుల్తది, మళ్లీ చేతి చెమట తగలగానే అదీ తడిసి మొదలుపెడతది.

చెయ్యాల్సింది ఏందంటే, ముందు పవర్ బటన్ నొక్కి స్క్రీన్ ఆపండి. మంచినీళ్లతో కొద్దిగా తడిపిన గుడ్డతో ఉప్పు తుడవండి, తర్వాత పొడిగుడ్డతో. భుజం మీద తువ్వాలు చాలు గానీ అది కూడా చెరువు నీళ్లతో తడిసిందైతే లాభంలేదు. ఆరినాకే స్క్రీన్ వెయ్యండి. ఎందుకంటే ఏమీ తగలనప్పుడు కొలత ఎంతుండాలో ఫోన్ ఎప్పటికప్పుడు తనకి తాను గుర్తుపెట్టుకుంటా ఉంటది. తడి ఉండగా స్క్రీన్ వేస్తే ఆ తడినే మామూలు అనుకునే ప్రమాదం ఉంది, తర్వాత తుడిచినా కాసేపు తప్పు లెక్కలే వేస్తది. సెట్టింగ్స్‌లో టచ్ సెన్సిటివిటీ అనో గ్లవ్ మోడ్ అనో ఆన్ చేసి ఉంటే చెరువు కాడ అది ఆపేయండి, అది చిన్న తేడాకి కూడా ఉలిక్కిపడేట్టు చేస్తది, తడిలో అదే శత్రువు.

జిప్ కవర్‌లో పెట్టి వాడొచ్చు, పల్చటి ప్లాస్టిక్ గుండా క్షేత్రం బాగానే వస్తది, కవర్ పైన తడి ఉంటే మాత్రం మళ్లీ అదే కథ. ఇంకోటి, మీ ఫోన్‌కి ఐపీ68 ఉంది నీళ్లలో పడ్డా ఏం కాదని షాపతను చెప్పి ఉంటాడు, ఆ పరీక్షలు చేసేది మంచినీళ్లతో. ఉప్పు తడితో ఛార్జింగ్ పెట్టమాకండి, పిన్నులు తినేస్తది.

చీమకుర్తి నుంచి పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే పాఠకుడు: మా చేతులు కాయలు కాసి రాయిలాగా ఉంటాయి సార్. రేషన్ షాపులో వేలిముద్ర పడదు, ఫోన్ లాక్ తియ్యదు, కానీ అదే వేలితో ఫోన్‌లో వీడియోలు బాగానే జరుగుతున్నాయి. ఒకటి పడి ఒకటి పడకపోవడం ఏంది?

జ: మంచి ప్రశ్న వేశారు. ఆ రెండూ వేరే వేరే పనులు. వీడియో జరపడానికి స్క్రీన్‌కి కావాల్సింది "ఈడ ఏదో ఒక వేలు ఉంది" అనే మాట ఒక్కటే, ఎవరి వేలో దానికి అక్కర్లేదు. పైన చెప్పాను కదా, గీతల మధ్య దూరం నాలుగైదు మిల్లీమీటర్లు, అంత పెద్ద గళ్లలో వేలిముద్ర గీతలు కనపడవు.

వేలిముద్ర పరికరం మీ చర్మం మీద ఉండే మిట్టల్ని, పల్లాల్ని చూడాలి. అది అంగుళానికి ఐదొందల చుక్కల లెక్కన చదువుద్ది, అంటే చుక్కకి చుక్కకి దూరం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. రాయితో, నీళ్లతో, పాలిషింగ్ పొడితో రోజూ రుద్దుకుంటా ఉంటే ఆ మిట్టలు అరిగిపోతాయి, ఇక చదవడానికి ఏముంటది. పొగాకు పని చేసే ఆడోళ్లు, బేల్దారీ పనోళ్లు కూడా ఇదే చెప్తారు. దానికి మిషన్‌ని తిట్టీ లాభంలేదు మిమ్మల్ని అనీ లాభంలేదు. బొటనవేలే పెట్టాలని లేదు, పది వేళ్లలో ఏది తక్కువ అరిగిందో చూసుకోండి, ఉంగరపు వేలు, చిటికెన వేలు చాలామందికి నయంగా ఉంటాయి. చెయ్యి బాగా కడిగి, కాస్త నూనో క్రీమో రాసి తుడిచేసి పెడితే పొడి చర్మం కొంచెం మెత్తబడి పడొచ్చు. ఆధార్ సెంటర్లో వేలిముద్రలు మళ్లీ అప్‌డేట్ చేయించుకోవచ్చు, కంటిపాపతో, ముఖంతో గుర్తుపట్టే పద్ధతి కూడా ఆధార్‌లో ఉంది, అడగండి. ఫోన్‌కైతే పనిలోంచి వచ్చినాక ఉన్న చేతులతోనే వేలిముద్ర మళ్లీ ఎక్కించండి, ఆదివారం మెత్తటి చేతులతో ఎక్కించింది సోమవారం గుర్తుపట్టదు. అసలు పిన్ నంబరు పెట్టుకుంటే గొడవే లేదనుకోండి.

టచ్ కూడా ఎప్పుడన్నా మొరాయిస్తే అది కాయల వల్లే. ఎండిపోయిన మందపాటి చర్మం కరెంటుని సరిగ్గా పోనివ్వదు, లోపలి తడి కండకీ గీతలకీ మధ్య దూరం పెంచుద్ది. దానికితోడు మందపాటి స్క్రీన్ గార్డు వేస్తే ఇంకా దూరం. మీలాంటి వాళ్లకి పైన అల్లూరు అన్నని ఆపమన్న టచ్ సెన్సిటివిటీ ఉందే, మీరు ఆన్ చేసుకోండి. ఇంకొక మాట, రాతి పొడి పడ్డ స్క్రీన్‌ని చొక్కాతో గట్టిగా రుద్దమాకండి, ముందు ఊది దులిపి తర్వాత తుడవండి.

కందుకూరు ప్రాంతం నుంచి టీచరమ్మ: మా స్కూల్లో పెద్ద డిజిటల్ బోర్డు ఇచ్చారు. దాని మీద పిలకాయలు స్కేలుతో, పుల్లతో, ఆఖరికి మోచేత్తో రాసినా పడుతుంది. ఫోన్‌కి లేని తెలివి దానికెట్టా వచ్చింది? ఈమధ్య ఒక పక్కన అసలు రాయడం లేదు, కంప్లైంట్ పెట్టాం, ఎవరూ రాలేదు.

జ: టీచర్ గారూ, మీ బోర్డుకి ఎక్కువ తెలివి లేదండీ, తక్కువే. ఇట్టాంటి పెద్ద ప్యానెళ్లలో ఎక్కువ వాటికి గాజులో గీతలుండవు. చుట్టూ ఉన్న ఫ్రేములో రెండు అంచుల్లో కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వరసగా ఉంటాయి, ఎదురు అంచుల్లో ఆ వెలుగుని చూసే సెన్సార్లుంటాయి. గాజుకి కొంచెం పైన, గాలిలో, ఆ కిరణాలు నిలువుగా అడ్డంగా పోతా ఉంటాయి. మధ్యలో ఏది అడ్డం వచ్చినా ఏ నిలువు కిరణం, ఏ అడ్డ కిరణం తెగిందో చూసి చోటు చెప్పేస్తది. అది వేలా, పుల్లా, పిలకాయ మోచెయ్యా అని దానికి పట్టింపు లేదు. ఇదేం కొత్తది కాదు, అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు ప్లేటో అనే చదువు చెప్పే కంప్యూటర్‌కి 1972లోనే ఇట్టాంటి ఇన్‌ఫ్రారెడ్ తెర పెట్టారు, అదీ పిల్లల చదువు కోసమే.

మీ బోర్డు ఒక పక్క రాయకపోవడానికి ముందు చూడాల్సింది ఆ ఫ్రేము లోపలి అంచు. చాక్‌పీస్ బోర్డు పక్కనే ఉంటే ఆ దుమ్మంతా కింది అంచులో పేరుకుంటది, దీపాల్ని మూసేస్తది. బోర్డు ఆపి, మెత్తటి పొడిగుడ్డతో నాలుగు అంచులూ తుడిపించండి, నీళ్లు చల్లొద్దు. కిటికీలోంచి ఎండ నేరుగా బోర్డు మీద పడుతుందేమో కూడా చూడండి, ఎండలో కూడా ఇన్‌ఫ్రారెడ్ ఉంటది కాబట్టి సెన్సార్లు తికమక పడతాయి. సాయంత్రం బాగా రాసి పొద్దున రాయకపోతే అనుమానం ఎండ మీదే. ఇవి రెండూ చూశాక కూడా రాకపోతే అప్పుడు మళ్లీ కంప్లైంట్ వెనకాల పడండి.

ఒంగోలు నుంచి పోటీ పరీక్షలకి చదివే పాఠకుడు: టచ్ స్క్రీన్ ఎవరు కనిపెట్టారు సార్? ఒక పుస్తకంలో ఒక పేరు, ఇంకోదాంట్లో ఇంకో పేరు ఉంది. బిట్ వస్తే ఏది పెట్టాలి?

జ: ఏది పెట్టాలో ఆ పేపర్ సెట్ చేసినాయనకే తెలియాలి. ఉన్నది చెప్తా. వేలితో తాకే కెపాసిటివ్ తెర గురించి 1965లో ఇంగ్లండ్‌లో రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసిన ఇ.ఎ. జాన్సన్ రాశాడు, విమానాల రాకపోకలు చూసేవాళ్ల కోసం. అమెరికాలో శామ్ హర్స్ట్ 1971లో ఎలోగ్రాఫ్ అని తాకితే చోటు చెప్పే పలక చేశాడు, అది పారదర్శకం కాదు, తర్వాత వాళ్లే ఒత్తిడితో పనిచేసే పారదర్శక తెరలు తెచ్చారు. 1970ల్లోనే స్విట్జర్లాండ్‌లోని సెర్న్ అనే అణు పరిశోధన కేంద్రంలో బెంట్ స్టుంప్, ఫ్రాంక్ బెక్ అక్కడి పెద్ద యాక్సిలరేటర్ (అణువు లోపలి కణాల్ని వేగంగా పరిగెత్తించే యంత్రం) కంట్రోల్ రూమ్ కోసం కెపాసిటివ్ తెర చేశారు. 2007లో ఐఫోన్ వచ్చి జనంలోకి తెచ్చింది, కానీ కనిపెట్టింది మాత్రం ఆపిల్ కాదు. వేళ్ల సైగలతో పనిచేసే పలకలు తయారుచేసే ఫింగర్‌వర్క్స్ అనే చిన్న కంపెనీని 2005లో ఆపిల్ కొనేసింది.

హర్స్ట్ వాళ్ల ఒత్తిడి పద్ధతి మీ ఇళ్లలో కూడా వాడి ఉంటారు, నోకియా 5233 గుర్తుందా, గోరుతో గట్టిగా నొక్కితే పనిచేసేది. అందులో రెండు పల్చటి పొరలు మధ్యలో ఖాళీతో ఉంటాయి, నొక్కితే పై పొర వంగి కింది దానికి తగులుద్ది, తగిలిన చోట వోల్టేజీ ఎంతో కొలిచి చోటు లెక్కేస్తది. కాబట్టి "తాకితే" అన్న పని ఒకటే గానీ లోపల యంత్రాలు మూడు నాలుగు రకాలు, ఒక్కోదానికి ఒక్కో తండ్రి.

నెల్లూరు మద్రాసు బస్టాండ్ ఏరియా నుంచి షాపు నడిపే పాఠకుడు: ఛార్జింగ్ పెట్టి వాడితే స్క్రీన్ దానంతట అది ఎగురుతోంది, పీకేస్తే బాగుంటంది. రిపేరు అబ్బాయి కాంబో (టచ్, డిస్‌ప్లే కలిసి ఉండేది) మార్చాలి, నాలుగు వేలు అన్నాడు. మార్చమంటారా?

జ: ఆగండి ఆగండి. పీకేస్తే బాగుంటందని మీరే చెప్తున్నారు, అప్పుడు తప్పు స్క్రీన్‌ది ఎట్టా అవుద్ది? ముందు ఇంట్లో ఇంకెవరిదన్నా మంచి ఛార్జర్, మంచి వైరు తీసుకుని పెట్టి చూడండి. ఛార్జర్ లోపల కరెంటుని సెకనుకి వేల సార్లు ఆన్ ఆఫ్ చేసి వోల్టేజీ తగ్గిస్తారు. మంచి ఛార్జర్లో దానివల్ల పుట్టే రొద (చెవికి వినపడేది కాదు, వోల్టేజీ అటూఇటూ ఊగడం) బయటికి రాకుండా ఫిల్టర్లు పెడతారు, రోడ్డు పక్కన దొరికే చవక ఛార్జర్లో ఆ ఖర్చు మిగిల్చేస్తారు. ఆ రొద వైరు గుండా ఫోన్‌లోకి ఎక్కుద్ది. మీరు నేల మీద కాళ్లు పెట్టుకుని వేలు ఆనించగానే అది మీ వేలి గుండా నేలకి దారి వెతుక్కుంటది, పికోఫారడ్‌లో భాగాలు కొలిచే చిప్ పక్కన ఇంత గోల జరిగితే అది ఏది వేలో ఏది రొదో తేల్చలేదు. కొన్ని ఫోన్లకి లోహం అంచు ముట్టుకుంటే సన్నగా జుమ్మంటది చూశారా, అది కూడా ఛార్జర్ వైపు నుంచే, రెండు పిన్నుల ఛార్జర్‌కి ఎర్త్ ఉండదు కదా.

ఛార్జర్ మార్చినా, పీకేసినా ఎగురుతుంటే అప్పుడు కాంబో మాట ఆలోచించండి. ఒకప్పుడు పైన టచ్ పలక వేరు, కింద డిస్‌ప్లే వేరు, టచ్ ఒక్కటే కొద్ది డబ్బుల్లో మార్చేవాళ్లు. ఇప్పుడు టచ్ గీతల్ని డిస్‌ప్లే లోపలో, దాని మీదనో కలిపే చేస్తన్నారు, ఫోన్ పల్చబడింది, మన జేబు కూడా పల్చబడింది.

దర్శి నుంచి: రాత్రి బల్లి ఫోన్ మీద పాకితే రీల్స్ మారాయని మా పిలకాయలు అంటన్నారు. నిజమా?

జ: నిజమే అయ్యుండొచ్చు. బల్లి పాదంలో కూడా తడే కదా. 2018లో హవాయిలో సీల్ జంతువులకి వైద్యం చేసే ఆసుపత్రిలో ఒక బల్లి టచ్ ఫోన్ మీద ఎక్కి వరసపెట్టి అందరికీ ఫోన్లు చేసేసింది, డాక్టరమ్మ ఎవరు చేస్తున్నారా అని వెతికితే బల్లి దొరికింది. బల్లి శాస్త్రంలో భుజం మీద పడితే ఏంది, తల మీద పడితే ఏంది అన్నీ రాశారు గానీ ఫోన్ మీద పడితే ఫలం ఏందో రాయలేదు.

ఉదయగిరి దగ్గర నుంచి ఇంజినీరింగ్ కుర్రాడు: మా అమ్మమ్మకి ఫోన్ కొనిచ్చాం. ఆమె ఎంత గట్టిగా నొక్కినా ఫోన్ ఎత్తలేకపోతుంది, వాట్సాప్ తెరవమంటే బొమ్మలన్నీ కదిలిపోతున్నాయి, ఒకసారి వాట్సాప్‌నే తీసేసింది. ఆమె వేలికి టచ్ పడదా?

జ: పడద్ది. ఇబ్బంది టచ్ పడకపోవడం వల్ల కాదు, ఎక్కువసేపు పడటం వల్ల. ఆమె జీవితమంతా వాడింది బటన్లు, స్విచ్చులు, గట్టిగా నొక్కితేనే పనిచేసేవి. అందుకని వేలు పెట్టి ఒత్తి పట్టుకుంటది. ఫోన్‌కి ఆ గట్టిదనం తెలీదు, దానికి తెలిసేది వేలు ఎంతసేపు ఉందనేది. ఆండ్రాయిడ్‌లో అరసెకను అటూఇటూ దాటితే "ఇది మామూలు టచ్ కాదు, ఒత్తి పట్టుకోవడం" అని లెక్కేసి వేరే మెనూ తీస్తది, బొమ్మలు కదిలేదీ, యాప్ తీసెయ్యమంటావా అని అడిగేదీ అప్పుడే. ఇక ఫోన్ ఎత్తడం సంగతి, చాలా ఫోన్లలో ఆ పచ్చగుండ్రాన్ని జరపాలి, ఆమె దాన్ని అక్కడే అదిమి పట్టుకుని ఉంటది.

సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి పో, టచ్ అండ్ హోల్డ్ డిలే అని ఉంటది, దాన్ని లాంగ్‌కి పెట్టు. అప్పుడు ఆమె కాస్త ఎక్కువసేపు వేలు పెట్టినా మామూలు టచ్ కిందే తీసుకుంటది. కొన్ని ఫోన్లలో యాక్సెసిబిలిటీలోనే జరపకుండా ఒక్క టచ్‌తో ఫోన్ ఎత్తే ఏర్పాటు ఉంటది, అదీ పెట్టు. హోమ్ స్క్రీన్ లేఅవుట్ లాక్ చేసే ఆప్షన్ ఉంటే చేసెయ్, బొమ్మలు కదలవు. అప్పటికీ ఫోన్ ఎత్తలేకపోతే ఆమె చెయ్యి పట్టుకుని చూపించు, ఒత్తమని చెప్పొద్దు, ఈగని తోలినట్టు అని చెప్పు, మా ఇంట్లో ఆ మాటతోనే పని జరిగింది.